ఆల్ఫా-గాల్ అలర్జీ ఉంటే ప్యాకెట్ వెనక ఏం చూడాలి?

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం, ఇదే ఇబ్బందిలో ఉన్న ఇంకెవరైనా చదివితే వాళ్లకీ అర్థమవుతుంది. మీరుండేది అర్కాన్సాలో, బెంటన్‌విల్ దగ్గర. మీ ఆయనకి మూడు వారాల కిందట రక్త పరీక్షలో ఆల్ఫా-గాల్ పాజిటివ్ వచ్చింది, అంటే పిడుదు కాటు వల్ల వచ్చే మాంసం అలర్జీ. ఆ రోజు నుంచే మటన్ మానేశారు. అయినా ఆ తర్వాత రెండుసార్లు అర్ధరాత్రి దద్దుర్లు లేచాయి. ప్యాకెట్ సరుకుల్లో ఏదో ఉందని మీ అనుమానం. పచ్చ చుక్క ఉంటే నమ్మొచ్చా, లేబుల్ మీద ఏ మాటలు చూడాలి, వచ్చే శనివారం పాప పుట్టినరోజు కేక్ సంగతేంటి. ఇవీ మీ ప్రశ్నలు.

నేను నార్త్ కరోలైనాలో, కేరీలో ఉంటాను. 2019లో ఇంటి వెనక ట్రెయిల్ మీద పిడుదు కుట్టింది (మా ఊళ్లో గేదెలకి పట్టే పిడుదే, కొన్నిచోట్ల గోమారి అంటారు, ఇక్కడి దాని పేరు లోన్ స్టార్ టిక్, ఆడదాని వీపు మీద తెల్ల చుక్క ఉంటుంది). రెండు నెలలు తిరక్కుండానే నా మటన్ రోజులు అయిపోయాయి. నేను డాక్టర్ని కాదు. ఆరేళ్లకు పైగా కిరాణా షాపుల్లో ప్యాకెట్లు తిరగేసి చదువుతున్న మనిషిని, అంతే. మందుల మాట, డోసుల మాట మీ అలర్జిస్టుతోనే మాట్లాడండి. ఎపినెఫ్రిన్ పెన్ను (తీవ్రమైన రియాక్షన్ వస్తే వెంటనే పొడుచుకునే ఇంజెక్షన్) రాసిచ్చారా లేదా అన్నది మాత్రం ఇవాళే చూసుకోండి, లేకపోతే రేపు పొద్దున్నే ఫోన్ చేసి అడగండి. ఊపిరి ఇబ్బందిగా ఉన్నా, కళ్లు తిరిగినా, దద్దుర్లతో పాటు వాంతులు మొదలైనా లేబుల్ చదువుతూ కూర్చోకుండా పెన్ను పొడిచి 911కి ఫోన్ చేయాలి.

అసలు విషయానికి వస్తాను. ఇది మామూలు ఫుడ్ అలర్జీ లాంటిది కాదని ముందు మనసుకి పట్టించుకోవాలి, లేకపోతే లేబుల్ చదివినా తప్పే చదువుతాం. పల్లీ అలర్జీ ఉన్నవాడికి తిన్న పది నిమిషాల్లో తెలిసిపోతుంది. మనకి రెండు గంటల నుంచి ఆరు గంటలు పడుతుంది. ఎనిమిదికి తింటే ఒంటిగంటకి అరచేతులు దురద పెట్టి మెలకువ వస్తుంది. అప్పటికి తిన్నదేంటో సగం మర్చిపోయి ఉంటాం, ప్యాకెట్ చెత్తబుట్టలో ఉంటుంది, పడుకునే ముందు తాగిన గ్లాసుడు పాల మీదో పొద్దున వాడిన కొత్త సబ్బు మీదో అనుమానం పోతుంది. పైగా ప్రోటీన్ కాదు మన శత్రువు, ఒక చక్కెర, ఆల్ఫా-గాల్ అన్నది దాని పేరే. ఆవు, గేదె, మేక, గొర్రె, పంది, జింక, కుందేలు, పాలిచ్చే జంతువులన్నిటి ఒంట్లోనూ ఆ చక్కెర ఉంటుంది. మనుషుల్లో, మనకి దగ్గరి చుట్టాలైన కోతుల్లో మాత్రం ఉండదు. అందుకే కోడి, చేప, రొయ్య, పీత, గుడ్డు మనకి ఇబ్బంది లేదు. మాంసమే కాదు, కొవ్వులో, ఎముకల్లో, చర్మంలో, పేగుల్లో ఎక్కడైనా ఉండొచ్చు గనకే ప్యాకెట్ల దగ్గర ఇంత తలనొప్పి.

ఇది బయటపడింది కూడా తిండి వల్ల కాదు, క్యాన్సర్ మందు వల్ల. సెటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ ఇస్తే టెన్నెసీ, నార్త్ కరోలైనా వైపు రోగులకి మొదటి డోసుకే తీవ్రమైన రియాక్షన్లు వచ్చేవి, మిగతా చోట్ల అంతగా లేవు. వర్జీనియా యూనివర్సిటీలో థామస్ ప్లాట్స్-మిల్స్ బృందం 2008లో ఆ మందులో ఉన్న ఈ చక్కెరే కారణమని తేల్చింది. ఆ మరుసటి ఏడాది, మాంసం తిన్న కొన్ని గంటలకి వచ్చే అలర్జీకీ ఇదే మూలమని రాశారు. ఆ తర్వాతే పిడుదుల సంగతి స్థిరపడింది. అంటే మన జబ్బు వయసు ఇంకా ఇరవై ఏళ్లు కూడా కాలేదు. అలర్జీ లేబుల్ చట్టం దానికంటే ముందుది, 2004 నాటిది.

ఆ చట్టం ప్రకారం అమెరికాలో ప్యాకెట్ మీద తప్పనిసరిగా చెప్పాల్సిన అలర్జీ పదార్థాలు తొమ్మిది. పాలు, గుడ్డు, చేప, రొయ్య-పీత జాతి, జీడిపప్పు-బాదం లాంటి నట్స్, పల్లీ, గోధుమ, సోయా, 2023 జనవరి నుంచి నువ్వులు. ఈ తొమ్మిదిలో మనకి పనికొచ్చేది ఒక్కటే, పాలు. ఆవు, పంది, మేక అన్న మాట ఆ జాబితాలో లేదు. అందుకని కింద బోల్డ్ అక్షరాల్లో ఉండే 'కంటెయిన్స్' లైను చూసి, అందులో ఏమీ లేదు కదా అని బండిలో వేసుకునే అలవాటు ఉంటే ఇవాళ్టితో మానేయండి. ఆ లైను మన కోసం రాసింది కాదు. 'మే కంటెయిన్' లైనైతే రాయాలన్న రూలే లేదు, కంపెనీ ఇష్టం.

ప్యాకెట్ మీద మనకి ఉపయోగపడే గుర్తులన్నీ వేరేవాళ్ల కోసం పెట్టినవే. శాకాహారుల కోసం పచ్చ చుక్క, యూదుల కోసం కోషర్ గుర్తు, పాలు కూడా ముట్టని వీగన్ల కోసం వీ గుర్తు. ఒక్కో గుర్తు ఒక్కో ప్రశ్నకి జవాబు చెబుతుంది, మన ప్రశ్నకి సగమే చెబుతుంది. ఆ మిగతా సగం ఏంటో తెలుసుకుంటే చాలు, తొంభై శాతం పని అయిపోతుంది.

మొదట నా పెరుగు కథ చెప్తాను, ఎందుకంటే మీ ఆయనకి జరుగుతున్నది అచ్చం ఇలాగే అనిపిస్తోంది. మటన్ మానేసిన కొత్తలో నాకు రాత్రి పెరుగన్నం తిన్న రోజున మాత్రం దద్దుర్లు వచ్చేవి. పొట్ట మీద మొదలై నడుము చుట్టూ. సరే, నాకు పాలు కూడా పడట్లేదన్నమాట అని తీర్మానించేసుకున్నాను. నెయ్యి మానేశాను, కాఫీలో పాలు మానేశాను, గుడికి వెళ్తే ప్రసాదం చేతిలో పట్టుకుని ఎవరికిద్దామా అని చూసేదాన్ని. నాలుగు నెలలు. అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసి పెరుగు లేకుండా అన్నం ఎలా తింటున్నావే అని ఒకటే బాధ. ఒకరోజు రాత్రి పిల్లలకి వేసిన పెరుగు కొంచెం నోట్లో పెట్టుకున్నాను, మామూలు తిండిబోతుతనం. ఒంటిగంటకి దురద. ఈసారి లేచి చెత్తబుట్టలోంచి ఆ డబ్బా తీసి, కడిగి, ఫోన్ లైటు పెట్టి చదివాను. లైట్ యోగర్ట్ అది. పాలు, చక్కెర, మొక్కజొన్న పిండి, ఆ తర్వాత చిన్న అక్షరాల్లో జెలటిన్, అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జిగురు. గట్టిగా తోడుకున్నట్టు కనిపించడానికి వేస్తారట. ఎన్ని వందలసార్లు కొన్నానో, ఒక్కసారీ చదవలేదు, పెరుగులో చదవడానికి ఏముంటుంది అనుకుని! తర్వాత అలర్జిస్టుకి చెప్పి, ఆవిడ ఒప్పుకున్నాక, పాలు, తోడు తప్ప ఇంకేమీ లేని పెరుగు ఇండియన్ స్టోర్‌లో తెచ్చుకుని కొంచెం కొంచెంగా మొదలుపెట్టాను. ఏమీ కాలేదు. ఇప్పుడు రోజూ తింటున్నాను.

అందుకే చెప్తున్నాను, ముందే పాలు, పెరుగు, నెయ్యి అన్నీ ఆపేసి మనిషిని నీరసపెట్టకండి. ఈ అలర్జీ ఉన్నవాళ్లలో ఎక్కువమంది పాల పదార్థాలు తట్టుకుంటారు. తట్టుకోనివాళ్లూ ఉన్నారు. వాళ్లలోనూ సన్నటి మజ్జిగ పడి, ఐస్‌క్రీమ్, వెన్న, క్రీమ్ పడనివాళ్లున్నారు. కొవ్వు ఎంత ఎక్కువుంటే అంత ఇబ్బంది. మీ ఆయన ఏ రకమో తేల్చుకోవాలంటే ముందు జెలటిన్, జంతువుల కొవ్వు పూర్తిగా ఇంట్లోంచి పోవాలి. అవి ఉండగా పాల మీద పరీక్ష పెడితే నాలాగే నాలుగు నెలలు పోగొట్టుకుంటారు.

ఇక మాటలు. లేబుల్ మీద కనిపించగానే పక్కన పెట్టేయాల్సినవి: జెలటిన్, లార్డ్ అంటే పంది కొవ్వు, టాలో అంటే గొడ్డు కొవ్వు, సూయెట్ అన్నా అదే జాతి, బీఫ్ స్టాక్, బీఫ్ ఎక్స్‌ట్రాక్ట్, పోర్క్ బ్రాత్, బోన్ బ్రాత్, కొల్లాజెన్. కొల్లాజెన్ ఇప్పుడు చాలా ప్రోటీన్ పొడుల్లోనూ, కాఫీ క్రీమర్లలో కూడా దూరుతోంది, చేపది అయితే మెరైన్ అని రాస్తారు, అలా రాయకపోతే ఆవుదే అనుకోండి. ఇవి ఎక్కడ దాక్కుంటాయో చెప్తే మీకు నవ్వొస్తుంది. డబ్బాలో వచ్చే రాజ్మా లాంటి రీఫ్రైడ్ బీన్స్‌లో పంది కొవ్వు. కొన్ని మైదా టార్టియాల్లో, ఫ్రోజెన్ పై క్రస్టుల్లో కూడా అదే. బేక్డ్ బీన్స్‌లో ముక్క కనిపించనంత పోర్క్. కొన్ని డ్రై రోస్టెడ్ పల్లీలకి మసాలా అంటుకోవడానికి జెలటిన్. చక్కెర పూతున్న కొన్ని సీరియల్స్‌లో జెలటిన్. చికెన్ ఫ్లేవర్ అని కోడి బొమ్మేసిన నూడుల్స్ ప్యాకెట్ కూడా వెనక్కి తిప్పకుండా కొనకండి.

చికెన్ సాసేజ్ గురించి ఒక్క ముక్క, ఎందుకంటే దీనివల్ల నేను ఎమర్జెన్సీకి వెళ్లాను. మా అబ్బాయి సాకర్ టీమ్ వాళ్ల కుకౌట్‌లో, చికెన్ అని నాలుగుసార్లు అడిగి మరీ తిన్నాను. లోపలిది చికెనే. పైన తొడుగు పంది పేగు. ప్యాకెట్ మీద ఆ సంగతి రాసే ఉంది, ఆ తొడుగు వేరే జంతువుదైతే చెప్పాలని రూలుంది. కానీ కుకౌట్‌లో ప్యాకెట్ ఎవడు చూపిస్తాడు. చికెన్, టర్కీ సాసేజ్ కొనేటప్పుడు పేరు కింద చిన్న అక్షరాల్లో కేసింగ్ అన్న మాట వెతకండి. లేదా తొడుగు లేనివి కొనుక్కోండి, గొడవే లేదు.

రెండో రకం మాటలున్నాయి, వాటికి అవుననీ కాదనీ చెప్పలేం. మోనో అండ్ డైగ్లిజరైడ్స్, గ్లిజరిన్, స్టియరిక్ యాసిడ్, మెగ్నీషియం స్టియరేట్, ఎంజైమ్స్, నేచురల్ ఫ్లేవర్స్. ఇవి మొక్కల నుంచీ వస్తాయి, జంతువుల నుంచీ వస్తాయి, ఎందులోంచి తీశారో అమెరికా లేబుల్ మీద చెప్పక్కర్లేదు. బ్రెడ్, ఐస్‌క్రీమ్, పీనట్ బటర్ రకాల్లో చాలావాటిలో మోనో అండ్ డైగ్లిజరైడ్స్ ఉంటాయి. వీటి దగ్గర నా పద్ధతి మొహమాటం లేకుండా చెప్తాను: కొత్తలో, అంటే రియాక్షన్లు పూర్తిగా ఆగేదాకా, ఇవేవీ లేనివే తిన్నాను. ఒంటి మీద దద్దుర్లు లేకుండా రెండు నెలలు గడిచాక ఒక్కో సరుకూ ఒక్కోసారి తెచ్చుకున్నాను, ఏది పడుతుందో చూసుకుంటూ. ఇప్పుడు బ్రెడ్‌లో ఉండే ఆ కాస్త నాకు ఏమీ చేయట్లేదు. మీ ఆయనకి చేయొచ్చు. రక్త పరీక్షలో నంబర్ ఎక్కువుంటే రియాక్షన్ ఎక్కువనీ, తక్కువుంటే ఫర్వాలేదనీ లెక్క కూడా లేదు, తక్కువ నంబర్‌తో ఎమర్జెన్సీకి వెళ్లినవాళ్లున్నారు.

నేచురల్ ఫ్లేవర్ విషయంలో మాత్రం ఒక కిటుకుంది, ఇది నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది. ఇక్కడ తిండి మీద అధికారం రెండు శాఖలది. మాంసం, కోడి ఉన్న సరుకులు వ్యవసాయ శాఖ కిందికి వస్తాయి, ప్యాకెట్ మీద గుండ్రటి ఇన్‌స్పెక్షన్ ముద్ర ఉంటుంది. మిగతావి, అంటే చిప్స్, బిస్కట్లు, సాసులు, ఆహారం, మందులు చూసే ఎఫ్‌డీఏ కిందికి. వ్యవసాయ శాఖ సరుకులో మాంసం నుంచి తీసిన రుచి ఏదైనా ఉంటే దాన్ని ఫ్లేవర్ అన్న మాట కింద దాచడానికి వీల్లేదు, ఏ జంతువుదో పేరు పెట్టి రాయాలి. ఎఫ్‌డీఏ సరుకులో అలా కాదు, నేచురల్ ఫ్లేవర్ అన్న మాటకి వాళ్లిచ్చిన నిర్వచనంలోనే మాంసం కూడా ఉంది. కాబట్టి ఆ గుండ్రటి ముద్ర ఉన్న చికెన్ నగ్గెట్స్ ప్యాకెట్‌లో ఫ్లేవర్ అని ఉంటే నాకు అంత టెన్షన్ ఉండదు, బార్బెక్యూ చిప్స్‌లో ఉంటే ఉంటుంది. మామూలుగా అందరూ అనుకునేదానికి ఇది రివర్స్.

ఈ ఫ్లేవర్ మోసం మనవాళ్లకి కొత్త కాదు కూడా. మెక్‌డొనాల్డ్స్ 1990లో ఫ్రెంచ్ ఫ్రైస్‌ని గొడ్డు కొవ్వు మానేసి వెజిటబుల్ ఆయిల్‌లో వేయిస్తున్నామని చెప్పింది. ఇక్కడి హిందువులు, శాకాహారులు ఎందరో నమ్మి తిన్నారు. నేచురల్ ఫ్లేవర్ అన్న మాట వెనక బీఫ్ ఉందని తర్వాత తేలింది. 2001లో సియాటిల్‌లో కేసు పడింది, కంపెనీ క్షమాపణ చెప్పి, 2002లో కోటి డాలర్లు శాకాహార, మత సంస్థలకి ఇచ్చేలా సెటిల్ చేసుకుంది. అమెరికాలో ఆ ఫ్రైస్ పదార్థాల జాబితాలో ఇప్పటికీ నేచురల్ బీఫ్ ఫ్లేవర్ అనే ఉంటుంది, పక్కన గోధుమ, పాల పదార్థాలతో చేసిందని రాస్తారు. నేను తినను. తిని ఏమీ కానివాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు మీరు ముఖ్యంగా అడిగిన పచ్చ చుక్క. నమ్మొచ్చు, ఒక షరతు మీద. ఇండియా ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రూలు ప్రకారం జంతువుల నుంచి వచ్చింది ఏదున్నా ఆ సరుకు నాన్‌వెజ్ కిందే లెక్క, పాలు, పాల పదార్థాలు, తేనె, తేనెమైనం, లక్క లాంటి కొన్నిటికి మాత్రం మినహాయింపు. గుడ్డు ఉన్నా నాన్‌వెజ్జే. అంటే పచ్చ చుక్క ఉన్న బిస్కట్‌లో ఐఎన్‌ఎస్ 471 అని ఉంటే, అదే మోనో అండ్ డైగ్లిజరైడ్స్, అది మొక్కల నూనెదే అయ్యుండాలి. అమెరికా లేబుల్ దాచేసే ఆ ఒక్క ముక్కా మన పచ్చ చుక్క చెప్పేస్తుంది. నాకైతే ఇది పెద్ద వరం. పాలు పడే మనిషికి పచ్చ చుక్క దాదాపు సరిపోతుంది, పాలు పడనివాళ్లకి సరిపోదు. అంతే తేడా.

అయితే కోడ్ నంబర్ల వెనక జంతు పదార్థాలు దాక్కునే గొడవ ఇండియాలోనూ ఉంది. నూడుల్స్ మసాలాల్లో, చిప్స్‌లో రుచి కోసం వేసే 631 నంబర్ది మాంసం నుంచీ, చేప నుంచీ, మొక్కల నుంచీ కూడా తీస్తారు. దీని మీదే ఢిల్లీ హైకోర్టు 2021 డిసెంబర్‌లో, ఎంత కొంచెం వేసినా సరే, కోడ్ నంబర్ ఒక్కటే కాకుండా అది మొక్కదా జంతువుదా అని చెప్పాల్సిందేనని ఆదేశించింది. నాన్‌వెజ్ గుర్తు కూడా మారింది, పాత గోధుమరంగు గుండ్రం బదులు ఇప్పుడు గోధుమరంగు త్రికోణం. మీ ఇంట్లో పాత ప్యాకెట్లుంటే రెండూ కనిపించొచ్చు, కంగారు పడకండి. ఆ గుర్తున్నవాటిలో గుడ్డు మాత్రమే ఉండొచ్చు కూడా, అప్పుడు మనకి ఇబ్బంది లేదు, కాబట్టి త్రికోణం కనబడితే పారేయకుండా చదవండి.

ఇంకో సంగతి, ఇది ఇండియన్ స్టోర్‌లో చేయి పెట్టి చూస్తే తప్ప తెలియదు. ఇక్కడికి దిగుమతి అయిన సరుకు మీద అమెరికా పద్ధతిలో న్యూట్రిషన్ స్టిక్కర్ అంటిస్తారు, సరిగ్గా పచ్చ చుక్క మీదో, అసలు పదార్థాల జాబితా మీదో. నేను గోరుతో ఒక మూల లేపి చూస్తాను. కౌంటర్ దగ్గరి అబ్బాయి మొదట్లో వింతగా చూసేవాడు, ఇప్పుడు అక్కా ఇది చూశారా అని వాడే తెచ్చి ఇస్తున్నాడు. కింద ఉన్న జాబితాకీ పైన అంటించినదానికీ తేడా ఉంటే నేను అది కొనను. ఒకటే బ్రాండ్, ఒకటే పేరు, ఇండియాకి ఒకలా, ఇక్కడ తయారయ్యేది ఒకలా ఉండటం కూడా మామూలే. కాబట్టి హైదరాబాద్‌లో తిన్నాం కదా అన్న లెక్క పనికిరాదు.

కోషర్ గుర్తుల్లో పారెవ్ అని ఉంటే మాంసమూ లేదు, పాలూ లేవని అర్థం, పాలు పడనివాళ్లకి అది బంగారం. ఒక్క మెలిక, జెలటిన్ ఉన్నా పారెవ్ అని వేసేవి ఉంటాయి, చేపదైతే మనకి సరే, కోషర్ పద్ధతిలో కోసిన ఆవుదైతే సరి కాదు. కాబట్టి పారెవ్ చూసి, జెలటిన్ అన్న మాట లేదని చూసి, అప్పుడు తీసుకోండి. హలాల్ గుర్తు మనకి దేనికీ పనికిరాదు, పంది లేదని తప్ప ఏమీ చెప్పదు. వీగన్ అని సర్టిఫికెట్ గుర్తుంటే మంచిది, ఊరికే ప్లాంట్-బేస్డ్ అని పెద్దక్షరాల్లో రాసుకుంటే మాత్రం వెనక్కి తిప్పాల్సిందే. నాన్-డెయిరీ క్రీమర్ అని రాసి, పాల నుంచి తీసిన సోడియం కేసినేట్ వేస్తారు, ఏం భాషో.

వీగన్ సరుకుల్లో కూడా ఒకటి చూసుకోవాలి, క్యారగీనన్. సముద్రపు నాచు నుంచి తీస్తారు, జంతువు ఊసే లేదు, కానీ దాని చక్కెరల అల్లిక మన శత్రువుకి దగ్గరగా ఉంటుంది, కొందరికి పడదు. చాక్లెట్ పాలు, బాదం పాలు, వీగన్ చీజ్, సన్నగా కోసి అమ్మే టర్కీ స్లైసుల్లో ఉంటుంది. అందరికీ ఇబ్బంది కాదు, అన్నీ మానేసినా ఇంకా రియాక్షన్లు వస్తుంటే అప్పుడు దీన్ని అనుమానించండి. చక్కెరని ఎముకల బొగ్గుతో వడకడతారని విని చక్కెర కూడా మానేసినవాళ్లని చూశాను, అంత దూరం పోనక్కర్లేదని నా అభిప్రాయం. బిస్కట్ల మెరుపు కోసం వేసే కన్ఫెక్షనర్స్ గ్లేజ్, ఎర్ర రంగు కార్మైన్ పురుగుల నుంచి వచ్చేవి, శాకాహారులకి కష్టం గానీ మన అలర్జీకి సంబంధం లేదు.

కంపెనీకి ఫోన్ చేయడం గురించి. ప్యాకెట్ మీద 1-800 నంబర్ ఉంటుంది. ఆల్ఫా-గాల్ సేఫా అని అడిగితే వాళ్లు కంగారుపడి డాక్టర్ని సంప్రదించండి అని చదివేస్తారు. నేను ఇలా అడుగుతాను: "మీ నేచురల్ ఫ్లేవర్‌లో ఆవు, పంది, గొర్రె నుంచి వచ్చింది ఏదైనా ఉందా? మోనో అండ్ డైగ్లిజరైడ్స్ మొక్కలవా, జంతువులవా? వేరే ఫ్యాక్టరీలో చేసింది కూడా ఇదేనా?" చివరి ప్రశ్న మర్చిపోవద్దు, ఒకే సరుకు రెండు చోట్ల రెండు నూనెలతో చేసేవాళ్లున్నారు. మా సరుకులో తొమ్మిది అలర్జీ పదార్థాల్లో ఏవీ లేవు మేడమ్ అని వాళ్లంటే అది జవాబు కాదు, మళ్లీ అడగండి. ఈమెయిల్‌లో జవాబు వస్తే ఇంకా మంచిది, తేదీతో దాచుకోవచ్చు. ఏడాది దాటితే మళ్లీ అడగాలి. కొత్త రుచి, కొత్త ప్యాక్ అని రాసి ఉంటే ఆ రోజే.

ఇంకా ఇవాళ నుంచే మొదలుపెట్టాల్సిన పని ఒకటుంది, ఖర్చు లేదు. మీ ఆయన తినే ప్రతి ప్యాకెట్ వెనక భాగం ఫోటో తీయండి, తిన్న టైము దానంతటదే ఫోన్‌లో ఉంటుంది. రాత్రి రెండింటికి దద్దుర్లు లేస్తే ఎనిమిదింటి నుంచి పన్నెండింటి మధ్య ఫోటోలు చూసుకోండి. రెండు మూడు సార్లకి ఒకే మాట బయటపడుతుంది. ఆ రోజు జిమ్‌కి వెళ్లారా, బీరు తాగారా అన్నది కూడా పక్కన రాసుకోండి, ఆ రెండూ ఉన్న రోజున మామూలుగా పడేది కూడా ఎదురుతిరగొచ్చు. నాకు బ్యాడ్మింటన్ ఆడిన రోజునే ఎక్కువ వచ్చేది, అందుకే కొన్నాళ్లు ఏది పడుతుందో ఏది పడదో లెక్క తేలలేదు.

మందులు తిండి కాదు గానీ మీ ఇంట్లో ప్యాకెట్లన్నీ వెతికేటప్పుడు వాటినీ చూడండి. క్యాప్సూల్ పైతొడుగు ఎక్కువగా జెలటినే, విటమిన్-డి, చేపనూనె మెత్తటి బిళ్లలైతే మరీను. మా అమ్మ వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో విటమిన్ క్యాప్సూల్స్ తెచ్చేది, ఆవిడ ప్రేమే నాకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. మీ ఆయన చేపనూనె గానీ మల్టీవిటమిన్ గమ్మీలు గానీ వేసుకుంటున్నారా? మటన్ మానేశాక కూడా వచ్చిన ఆ రెండు రాత్రుల ముందు అవి వేసుకున్నారేమో అడగండి. అమెరికా మందుల్లో ఏమేం కలిశాయో ప్రభుత్వానిదే డైలీమెడ్ అనే సైట్‌లో చూడొచ్చు, ఇన్‌యాక్టివ్ ఇంగ్రీడియంట్స్ అన్న భాగంలో ఉంటుంది. సొంతంగా మందు మానేయకండి, ఫార్మసిస్టుని అడిగితే జెలటిన్ లేని రకం వెతికిపెడతారు. ఆపరేషన్ ఏదైనా ఉంటే, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ అనే మందు పంది పేగుల నుంచి వస్తుందని డాక్టర్లకి ముందే చెప్పాలి, ఇది వాళ్లలో కూడా అందరికీ గుర్తుండదు.

మళ్లీ పిడుదు కుట్టకుండా చూసుకోవడం లేబుల్ చదవడం కంటే ముఖ్యం, ఎందుకంటే కొత్త కాట్లు లేకపోతే కొందరికి రక్త పరీక్షలో ఆ నంబర్ ఏళ్ల మీద తగ్గుతుంది, నాకు సగానికి దిగింది. ట్రెయిల్‌కి వెళ్లే బట్టలకి పెర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టండి (ఒంటికి కాదు), వచ్చాక పిల్లల మోకాళ్ల వెనక, చెవుల వెనక చూడండి.

కేక్ సంగతి. షాపు బేకరీలో రెడీగా ఉన్నవి కొనకండి, మీద నున్నగా పరిచే ఫాండెంట్‌లో చాలావాటిలో జెలటిన్ ఉంటుంది, మార్ష్‌మాలోతో చేసిందైతే తప్పకుండా ఉంటుంది. మధ్యలో మూస్ పొర ఉన్నా అదే కథ. మీ ఆయనకి పాలు పడతాయని తేలకపోతే బటర్‌క్రీమ్ కూడా వద్దు. బెంటన్‌విల్‌లో ఇంటి దగ్గర కేకులు చేసిచ్చే మనవాళ్లు తప్పకుండా ఉంటారు, ఆవిడకి చెప్పి మామూలు గుడ్డు కేక్, మొక్కల నూనెతో, పైన కొబ్బరిపాల క్రీమ్ వేసి చేయమనండి. వనస్పతి, మార్గరిన్ వాడితే ఆ డబ్బా వెనక ఫోటో పంపమని అడగండి, ఏమీ అనుకోరు. గుడీ బ్యాగుల్లో గమ్మీలు పెట్టేటట్టయితే జెలటిన్ బదులు పండ్ల నుంచి తీసే పెక్టిన్‌తో చేసినవి చూసి తీసుకోండి, ఇండియన్ స్టోర్‌లో పచ్చ చుక్కతో దొరుకుతాయి. పిల్లలు తినగా మిగిలినవి రాత్రి నాన్నల నోట్లోకే పోతాయి కదా.

మీ ఆయన పెరుగు ఏ డబ్బాలోది తింటున్నారో, ఆ డబ్బా వెనక ఏం రాసుందో చూసి చెప్పండి. నాకు ముందు దాని మీదే అనుమానం.